తూటా దిగింది సరే, తుపాకీ తట్టుకుంటుందా?

ప్రశ్న: ఆర్మరర్ (తుపాకుల మరమ్మతు చేసే) గారికి నమస్కారం. మా తాత మద్రాసులో కొన్న పాత వించెస్టర్ లివర్ రైఫిల్ (ట్రిగ్గర్ కింది పిడి లాగి తూటా ఎక్కించేది) మా ఇంట్లో ఉంది. ఆయన పోయాక లైసెన్సు నా పేరిట మార్పించుకున్నాను. సుత్తి వెనక పట్టీ మీద ‘మోడల్ 1873’ అని ఉంది. ట్రంకు పెట్టెలో 44-40 తూటాల డబ్బా ఒకటి దొరికింది. దాని మీద ‘హై వెలాసిటీ’, ‘మోడల్ 92’ అని అచ్చేసి ఉంది. ఒకటి పెట్టి చూశాను, చక్కగా దిగింది. రేంజిలో నాలుగు కాల్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: కాల్చొద్దు. ముందు ఆ మాట గట్టిగా చెప్పాలి. అసలు ఇంట్లో కూర్చుని నిజం తూటా పెట్టి చూడటమేంది బాబూ? ఇంకెప్పుడూ ఆ పని చేయకండి.

44-40 అంటే 44 కాలిబర్ (గుండు లావు), 40 గ్రెయిన్ల (చిన్న తూకం కొలత) బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్ల తుపాకి మందు. దాని ముందు 200 గ్రెయిన్ల సీసం గుండు. మీ 73 రైఫిల్ పుట్టింది ఆ మందు కోసమే. అందులో బోల్టును, అంటే తూటా వెనక మూసిపెట్టే ఉక్కు కడ్డీని, వెనకనుంచి ఆపేది రెండు జతల లింకులు. మోకాలు చాచినట్టు అవి తిన్నగా నిలబడి దెబ్బ కాస్తాయి, అంతకుమించి అడ్డు లేదు. 1892 మోడల్‌ను తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ గీశాడు. బోల్టుకు రెండు పక్కలా దిట్టమైన ఉక్కు దిమ్మెలు పైకి లేచి బిగుస్తాయి. తూటా సైజు మాత్రం రెండింటికీ ఒకటే, అక్కడే వచ్చింది చిక్కు. 92 తట్టుకుంటుంది గదా అని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎక్కువ వేగం తూటాలు చేసి, 73లో వాడొద్దని డబ్బా మీదే అచ్చేశారు. మీ చేతిలో ఉన్నది ఆ రకమే. వాటిని డబ్బాలోంచి తీసి వేరే సీసాలో పోయకండి, తర్వాత చూసేవాడికి తేడా ఎట్టా తెలుస్తుంది?

ఇప్పటి అమెరికా ప్రమాణాల్లో 44-40 పేలినప్పుడు ఉండదగ్గ గరిష్ఠ ఒత్తిడి 11,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). 30-30 అనే మరో రైఫిల్ తూటాకు 42,000. ఇటలీలో చేసే కొత్త 73 నకళ్లలో 44 మాగ్నమ్ అనే ఇంకా బలమైన తూటా కూడా కాలుస్తున్నారని యూట్యూబ్ చూసి చెప్పేవాళ్లు ఉంటారు. అది ఈనాటి ఉక్కు. మీ తాత గారి తుపాకీకి ఆ లెక్క వర్తించదు.

మరి ఏది కాల్చాలి? ముందు తుపాకీని లైసెన్సున్న మెకానిక్‌కు చూపించండి. ఒక్క స్క్రూ తీస్తే రెండు పక్కల పలకలూ ఊడొస్తాయి, లింకులు కళ్లకు కనబడతాయి. లివర్ మూసిపెట్టి బోల్టును వెనక్కి నెట్టి చూడమనండి. కదిలిందంటే పిన్నులు అరిగినట్టే. నేను నెల్లూరు ఏఆర్‌లో (పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో) ఉన్న రోజుల్లో ఎన్నికలకు డిపాజిట్ చేసిన తుపాకులు చాలా చూశాను. పైన అద్దంలా మెరుస్తుంటాయి, లోపల ఏళ్ల తరబడి పూసిన కొబ్బరి నూనె జిగురై ఉంటుంది. గీరితే గానీ పగులు బయటపడదు. గొట్టం లోపలి వ్యాసం కూడా కొలిపించండి. 0.427 అంగుళాలు ఉండాల్సింది, పాతవాటిలో 0.430 దాటినవీ ఉంటాయి.

అన్నీ బాగుంటే, మెత్తటి సీసం గుండుతో తక్కువ ఒత్తిడి ఫ్యాక్టరీ తూటాలు చాలు. ఇంట్లో మందు నింపే ఆలోచన వద్దు. తూటాల తయారీకి వేరే లైసెన్సు కావాలి. పైగా తూటా ఇత్తడి డొప్ప నిండా పట్టే బ్లాక్ పౌడర్‌కు బదులు స్మోక్‌లెస్ (పొగ తక్కువ వచ్చే ఘాటు మందు) వేస్తే అది అడుగునే ఉండిపోతుంది, పొరపాటున రెండుసార్లు పోసినా కంటికి ఆనదు. బ్లాక్ పౌడర్ తూటా కాలిస్తే ఆ రోజే వేడినీళ్లతో గొట్టం కడిగి, తుడిచి, నూనె పట్టించాలి. మన సముద్రపు గాలికి తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది.

ఆ పాత డబ్బాను చెత్తలో వేయకండి. డీలరుకో పోలీస్ స్టేషనుకో అప్పగించి రసీదు తీసుకోండి. ఏ పాత తూటా అయినా ట్రిగ్గర్ లాగాక పేలకపోతే వెంటనే లివర్ తెరవొద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

ప్రశ్న: నా వించెస్టర్ 94 మోడల్ 30-30 రైఫిల్‌కి మొనదేలిన గుండున్న తూటాలు ఇచ్చారు. వాడొచ్చా?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: వద్దు. గొట్టం కింది ట్యూబులో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మందు అంటించే అడుగు బొట్టుకు) ఆనుతుంది. కాల్చినప్పుడు వెనక్కి తన్నే ఊపుకు ట్యూబులోనే పేలొచ్చు. ముక్కు చదునుగా ఉన్నవి గానీ, మెత్తటి ప్లాస్టిక్ మొనతో లివర్ రైఫిళ్ల కోసమే చేసినవి గానీ అడగండి. పెట్టె మేగజైన్ ఉన్న 1895 మోడల్‌కు ఈ బాధ లేదు. మీది 94 అంటున్నారు కాబట్టి ఆ తూటాలు బిల్లుతో సహా అమ్మినవాడికే తిరిగిచ్చి మార్పించుకోండి.