కొంగులో తెచ్చిన గవ్వలు

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. వయసు 59. నిరుడు ఆయన పోయాక, ఒంటరిగా ఉండవద్దని అబ్బాయి విశాఖపట్నం తీసుకువచ్చాడు. మధురవాడలో ఏడో అంతస్తులో ఇల్లు. వచ్చిన మరునాడు కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవడు బడికి వెళ్లారు. బతుకంతా వేరుశనగ చేలలోనే గడిచింది, సముద్రం చూడలేదు. అడుగుతూ అడుగుతూ బస్సెక్కి ఆర్కే బీచ్‌కు వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పాను. అపార్ట్‌మెంట్ పేరు తప్ప ఏమీ తెలియదు. ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. గేటు దగ్గర నలుగురి ముందు అబ్బాయి కేకలు వేశాడు. మూడు నెలలైంది, గడప దాటలేదు. నిద్ర పట్టదు, అన్నం సహించదు. మనవడి కోసం కొంగులో కట్టుకొచ్చిన గవ్వలు బీరువాలో చీరల కింద దాచాను. మా ఊరికి వెళ్లిపోనా?
- ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా మనసు ఆగిపోయింది ఆ గవ్వల దగ్గరే. దొంగసొమ్ము దాచినట్టు మీరు వాటిని చీరల కింద దాచుకోవలసి రావడం నాకు చాలా బాధగా ఉంది. వానచినుకు కోసం ఆకాశం వైపు చూస్తూ పంట తీసిన మనిషికి, అన్ని నీళ్లు ఒక్కచోట చూడాలని ఉండదా? మీరు వెళ్లడం తప్పు కాదు. తెలియని ఊళ్లో, మొదటి రోజే, అడుగుతూ బీచ్ దాకా చేరారంటే మీకు ధైర్యమూ ఉంది, నోరూ ఉంది. ఆ రెండూ ఉన్నవారికి ఏ ఊరైనా లొంగుతుంది.

నలుగురిలో కేకలు వేయడం మీ అబ్బాయి తప్పే. కాని ఆ సాయంత్రం అతను ఎలా గడిపి ఉంటాడో కూడా చూడండి. ఆర్కే బీచ్‌లో మీరూ గమనించి ఉంటారు, అల వెనక్కి వెళ్లేటప్పుడు పాదాల కింద ఇసుక జారిపోతుంది, నిలబడ్డ చోటే గుంట పడుతుంది. అక్కడ నీళ్లలో దిగి కొట్టుకుపోయిన వారి వార్తలు ఈ ఊరివాళ్లు తరచు వింటారు. పలకని ఫోనుకు పదేపదే చేస్తూ అతను ఊహించుకున్నది అదే అయి ఉంటుంది. నిరుడే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు. ఆ భయమే కోపమై బయటికి వచ్చింది. భయం తగ్గాక క్షమాపణ అడగాలని అతనికి తోచి ఉండవచ్చు, మాట పెగలక ఊరుకుని ఉండవచ్చు. మీరే మొదలుపెట్టండి: "నాయనా, ఆ రోజు చెప్పకుండా వెళ్లడం నా తప్పు. నలుగురిలో అరవడం నీ తప్పు. ఇకమీదట నేను బయటికి వెళ్తాను, చెప్పి వెళ్తాను." ఇంతే. కోడలి ముందు కూడా అనండి, ఆమెకూ తెలియాలి.

ఇక దారి సంగతి. విశాఖలో అపార్ట్‌మెంట్ పేరు చెబితే ఎవరూ ఇల్లు చూపలేరు, జంక్షన్ పేరు చెప్పాలి. కార్‌షెడ్, కొమ్మాది, హనుమంతవాక, మద్దిలపాలెం, జగదాంబ: కండక్టరు పిలిచేవీ ఆటోవాళ్లు అడిగేవీ ఇవే. మీ ఇంటికి దగ్గరి జంక్షన్ ఏదో నేర్చుకోండి. దాన్నీ అబ్బాయి నంబరునూ కాగితం మీద రాయించి, ఆధార్ కార్డుతో కలిపి చేతిసంచిలో పెట్టుకోండి. ఆ కార్డు చూపితే సిటీ బస్సులో మీకు టికెట్ డబ్బులు అక్కర్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవారికి ఆ వీలు ఉంది. ఫోను నిండా ఛార్జి చేసుకున్నాకే చెప్పులు తొడుక్కోండి.

మొదటి వారం జంక్షన్ దాకా నడిచి, కూరగాయలు కొనుక్కుని రండి, చాలు. ఆ తరువాత సింహాచలం. మీ కదిరి స్వామే ఇక్కడ వరాహ నరసింహుడై కొండ మీద ఉన్నాడు. ఏడాది పొడుగునా చందనంలోనే ఉంటాడు, నిజరూపం కనిపించేది ఒక్క అక్షయ తృతీయ నాడే. పాతనగరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి కూడా వెళ్లండి. ఆ తల్లికి నెత్తిన పైకప్పు లేదు, ఎండావానా ఆమెవే. ఎవరైనా తమ చేతులతోనే పూజ చేసుకోవచ్చు. మీ మనసులోది అక్కడ చెప్పుకోవడం తేలిక.

ఒక్క మాట మాత్రం నిర్లక్ష్యం చేయకండి. మూడు నెలలుగా నిద్ర లేకపోవడం, అన్నం సహించకపోవడం కొడుకు తిట్టినందుకే కాకపోవచ్చు. ఆయన పోయిన దుఃఖం తీరకముందే మీరు ఊరు కూడా వదిలి వచ్చారు. డాక్టరుకు చూపించుకోండి. 14416కు ఫోను చేస్తే, మనసు బాధలు వినే ప్రభుత్వ సేవ టెలీ మానస్‌లో తెలుగులోనే, ఖర్చు లేకుండా మాట్లాడతారు.

ఊరికి వెళ్లాలా అన్నారు. వెళ్లవచ్చు, అది మీ ఇల్లు. కాని కోపంతో వెళితే తిరిగి రావడం కష్టమవుతుంది. పండుగకు వెళ్లినట్టు వెళ్లి, పదిరోజులుండి రండి. ఆ తరువాత ఎక్కడ ఉండాలన్నది మీరే తేల్చుకోండి, ఎవరూ తొందరపెట్టకూడదు.

ఈ రాత్రి ఆ గవ్వలు బయటికి తీసి, మంచినీళ్లలో కడిగి మనవడి చేతిలో పెట్టండి. ఎక్కడివని అడుగుతాడు. వాళ్ల నాన్న వినేలా చెప్పండి, ఏ బస్సు ఎక్కారో, మొదటి అల పాదాలకు తగిలినప్పుడు ఎలా ఉందో. అక్కడే ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది, 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది, లోపలికి వెళ్లి చూడవచ్చు. వచ్చే ఆదివారం అందరూ కలిసి వెళ్లండి. దారి మీరు చూపించండి.