గొట్టాన్ని వెనక నుంచి చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతికి బాగానే పట్టుబడింది. భుజాన పెట్టి పేల్చి, ఒక్కసారి వాడాక పారేసే ట్యాంకు విధ్వంసక ఆయుధాల గురించి తెలుగులో రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు, కాబట్టి నువ్వు రాయాల్సిందే. కాకపోతే ఎర్ర సిరా కాస్త ఎక్కువే పడింది, ఏమనుకోకు. ముప్పై ఏళ్లు ఇలాంటివి రాసి, సగం తప్పులు రాసి, ఆ తప్పులు దిద్దుకోవడానికి మిగతా సగం రాసినవాణ్ణి నేను.

నీ వ్యాసంలో ప్రతి పేరా "ఇన్ని మిల్లీమీటర్ల ఉక్కును చీలుస్తుంది" అంటూ మొదలవుతోంది. నేనూ అలాగే రాసేవాణ్ణి. ఒకసారి ఒక మ్యూజియంలో, అప్పటికే పేల్చేసిన ఏటీ-4 అనే స్వీడన్ ఆయుధం ఖాళీ గొట్టం చేతికిచ్చారు. గాజు నారతో చేసిన మీటరు పొడవు గొట్టం. ఎలా పట్టుకోవాలో, ఏది ముందు లాగాలో చెప్పే బొమ్మల కాగితం దాని ఒంటికే అంటించి ఉంది. దాన్ని భుజాన పెట్టుకుని ఫోటోకి నిలబడ్డాను. పక్కనున్న మాజీ సైనికుడొకాయన నవ్వి, "పేల్చేముందు మొట్టమొదట ఎటు చూడాలో చెప్పండి చూద్దాం" అన్నాడు. "ట్యాంకు వైపు" అన్నాను. "అదెలాగూ చూస్తారు. ముందు వెనక్కి చూడాలి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా పాత వ్యాసాలు సగం చెల్లకుండా పోయాయి.

గొట్టం రెండు వైపులా తెరిచి ఉంటుంది కదా, ఎందుకో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఏటీ-4 గుండు అడ్డుకొలత 84 మిల్లీమీటర్లు. ఆ పేరు కూడా అలా పుట్టిందే, "ఎయిటీ ఫోర్" అని ఇంగ్లీషులో పలికి చూడు. అంత గుండును మూసిన గొట్టంలోంచి మామూలు తుపాకీలా పేలిస్తే మనిషి భుజం నిలవదు. ముందుకు గుండు ఎంత ఊపుతో పోతుందో, వెనక్కి వాయువు అంతే ఊపుతో పోవాలి, అప్పుడే భుజం మీద తన్ను పడదు. అంటే పేల్చేవాడి వెనక సెగ, రాళ్లు, పెంకులు చిమ్ముతాయి. ఏటీ-4 మామూలు రకానికి వెనక 100 మీటర్ల దాకా ప్రమాద ప్రాంతంగా లెక్కేస్తారు. జర్మన్లు 1943లో తెచ్చిన పాన్జర్‌ఫాస్ట్ అనే ఇలాంటి గొట్టం మీదే ఎర్ర అక్షరాలతో "జాగ్రత్త! మంట చిమ్ముతుంది!" అని రాసేవారు. ఎనభై ఏళ్లు దాటినా ఆ హెచ్చరిక మారలేదు. వ్యాసాన్ని ఇక్కడ మొదలుపెట్టు. ఉక్కు మందం రెండో పేజీకి పోనీ.

వెనక సెగను పట్టుకుంటే తక్కిన కథంతా దానంతటదే వస్తుంది. గదిలోంచి, కిటికీ వెనకనుంచి పేలిస్తే ఏమవుతుంది? ఆ సెగ గోడకు కొట్టి తిరిగొచ్చి పేల్చినవాడినే దెబ్బతీస్తుంది. యుద్ధం పొలాల్లోంచి ఊళ్లలోకి వచ్చేసరికి ఇదే పెద్ద చిక్కయింది. దీనికి విరుగుడుగా జర్మన్లు ఆర్మ్‌బ్రుస్ట్ అనే గొట్టం చేశారు. అందులో తుపాకీమందుకు రెండు పక్కలా పిస్టన్లుంటాయి, ఒకటి గుండును ముందుకు నెడితే, ఇంకొకటి ప్లాస్టిక్ పేలికల ముద్దను వెనక్కి నెడుతుంది. పిస్టన్లు గొట్టం చివర ఇరుక్కుని పొగనూ మంటనూ లోపలే బిగించేస్తాయి. స్వీడన్ వాళ్లు ఏటీ-4లో ఇరుకుచోట్ల కోసం వేరే రకం చేసి, వెనక్కి చిమ్మడానికి ఉప్పునీళ్లు పెట్టారు. ఉప్పునీళ్లు! నాకైతే ఈ విషయం తెలిసినప్పుడు ఏ రాకెట్టు గురించి చదివినా కలగనంత సంబరం కలిగింది. పాఠకుడికీ కలుగుతుంది, కాబట్టి దీన్ని అడుగున చిన్నక్షరాల్లో కాదు, పేరా మధ్యలో పెట్టు.

ఇక నీ పెద్ద తప్పు. "గుండు ఉక్కును కరిగించుకుంటూ పోతుంది" అని రాశావు. నేనూ అచ్చంగా ఇదే మాట అచ్చేయించాను. లోహాల పాఠం చెప్పే మాస్టారొకాయన పోస్టుకార్డు రాశారు: "కరగదు నాయనా, పక్కకు నెట్టుకుంటూ పోతుంది." జరిగేదేమిటంటే, పేలుడు పదార్థం ముందు గరాటులా రాగి తొడుగుంటుంది. పేలినప్పుడు అది లోపలికి ముడుచుకుని సన్నటి ధారలా ముందుకు దూసుకొస్తుంది. ఆ ధార కొస సెకనుకు 8 నుంచి 10 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ ఒత్తిడి ముందు ఉక్కు గట్టిదనం లెక్కలోకి రాదు, నీళ్లలో పుల్ల గుచ్చినట్టు పక్కకు తప్పుకుంటుంది. వేడితో చేసే పని కాదిది, వేగంతో చేసే పని. 1888లో అమెరికాలో మన్రో అనే రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థంలో గుంట ఉంటే దాని బలం ఒకచోటికి చేరుతుందని గమనించాడు. అది చాలాకాలం వింతగానే మిగిలి, రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆయుధమైంది. ఈ ఒక్క పేరా సరిగా రాస్తే మిగతావి కాస్త తడబడినా క్షమిస్తాను.

గోడల సంగతికి వచ్చేసరికి మళ్లీ తడబడ్డావు. "ట్యాంకునే చీల్చేది గోడనేం లెక్కచేస్తుంది" అన్నావు. చూడ్డానికి నిజమే. కానీ ఆ రాగి ధార గోడలో చిన్న కన్నం పెట్టి పోతుంది, మనిషి దూరే దారి చెయ్యదు. అందుకే గోడలకూ బంకర్లకూ వేరే గుండ్లు పుట్టాయి. వాటిలో కొన్నింటి ఫ్యూజు, అంటే గుండును పేల్చే భాగం, తాకింది మెత్తటి ఇసుక బస్తానా, గట్టి కాంక్రీటా అని పసిగట్టి దాన్నిబట్టి వెంటనే పేలాలో, లోపలికి దిగాక పేలాలో తేలుస్తుంది. అమెరికా వాళ్ల ఎం-141 అలాంటిదే. సింగపూరు, ఇజ్రాయెల్, జర్మనీ వాళ్లు కలిసి చేసిన 90 మిల్లీమీటర్ల మాటడోర్‌కు ఆ పేరు మనిషి మోయగలిగేది, ట్యాంకు వ్యతిరేకం, తలుపు వ్యతిరేకం అనే ఇంగ్లీషు మాటల ముక్కలు కలుపుకుని వచ్చింది. ఇందులో గోడ పగలగొట్టడానికే ప్రత్యేకంగా చేసిన రకం కూడా ఉంది. సోవియట్లు అఫ్గానిస్తాన్‌లో వాడిన ష్మెల్, మంటా ఒత్తిడీ పుట్టించే గుండును పేల్చే గొట్టం, మరీ వేరు జాతి, దాన్ని ఈ వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టు.

పేర్ల దగ్గర జాగ్రత్త. మన పత్రికలకు భుజాన కనిపించిన ప్రతి గొట్టమూ "రాకెట్ లాంచర్"! ఆర్పీజీ-7ను వాడి పారేసేది అన్నావు. అది 1961 నాటిది, గొట్టం మళ్లీ మళ్లీ వాడతారు, గుండే పోతుంది. ఆర్పీజీ అనే మూడక్షరాలు కూడా అసలు రష్యన్ మాటలవి, చేత్తో పట్టుకునే ట్యాంకు వ్యతిరేక గ్రెనేడ్ లాంచర్ అని అర్థం. రాకెట్ ప్రొపెల్డ్ గ్రెనేడ్ అనే ఇంగ్లీషు విస్తరణ తరవాత అతికించింది. అమెరికా వాళ్ల ఎం-72 చూసి సోవియట్లు 1972లో తెచ్చిన ఆర్పీజీ-18 మాత్రం నిజంగా పారేసేదే. జావెలిన్ అనే ట్యాంకు విధ్వంసక క్షిపణిలో గొట్టం పారేస్తారు, గురిచూసే పెట్టె దాచుకుంటారు. ఎన్‌లా అనే క్షిపణి మొత్తం పారేసేదే, పన్నెండున్నర కిలోలు, ట్యాంకు మీదుగా ఎగిరి పైకప్పు మీద దెబ్బకొడుతుంది.

పారేసేది అంటే చవకదని రాశావు. అది సగం నిజం. అసలు తేడా లెక్కల పుస్తకంలో ఉంది. అమెరికా సైన్యం ఏటీ-4ను తుపాకీల పద్దులో రాయదు, తూటాల పద్దులో రాస్తుంది. దానికంటూ ప్రత్యేకంగా ఓ జట్టు లేదు, నెత్తిన మోయాల్సిన సామగ్రి లేదు. ఎవడి చేతికిచ్చినా వాడి మామూలు తుపాకీ వాడి దగ్గరే ఉంటుంది, అదనంగా ఓ గొట్టం ఉంటుంది. ఎం-72 తొలి రకాలు రెండున్నర కిలోలే, ముడుచుకుని వీపున వేలాడేవి. ఖాళీ గొట్టాన్ని అలాగే వదిలెయ్యకుండా నలిపెయ్యమని చెప్పేవాళ్లు, శత్రువుకు డబ్బా దొరికినా ఏదో ఒకటి చేస్తాడని.

అంకెలను ఎంత నమ్మాలో నీకు నేను చెప్పనక్కర్లేదు, లాంగ్‌వే చెబుతుంది. 1968 ఫిబ్రవరిలో వియత్నాంలోని ఆ అమెరికా శిబిరం మీదికి రాత్రివేళ ఉత్తర వియత్నాం వాళ్ల పీటీ-76 ట్యాంకులు వచ్చాయి. పల్చటి కవచం, కాగితం మీద చూస్తే ఎం-72కి అసలు అడ్డే కాదు. కానీ ఆ రాత్రి చాలా గొట్టాలు పేలలేదు, పేలినవాటిలో కొన్ని తగిలినా ట్యాంకు ఆగలేదు. ఎంత మందం చీలుస్తుందన్నదానికి పక్కనే, ఎంత దూరంలో తగులుతుందన్నది రాయి. పాన్జర్‌ఫాస్ట్ 30 అనే పేరులోని 30 మీటర్లే. ఎం-72కి నిలబడి ఉన్న గురైనా 200 మీటర్లు. 30 మీటర్లంటే ట్యాంకు గొలుసు చప్పుడు కాళ్లలోకి తెలిసే దూరం. అంత దగ్గరికి రానిచ్చి లేచి నిలబడేవాడి గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు.

ఇంకొకటి. ఫోటోల కోసం యుద్ధం జరిగిన చోటుకు వెళ్తానన్నావు. నేలమీద గొట్టం కనిపిస్తే ఖాళీదే కదా అనుకోకు, ముట్టుకోకు, కాలితో తిప్పకు. పేల్చని దానికంటే ఎగిరి, పడి, పేలకుండా మిగిలిన గుండు ఇంకా ప్రమాదం, దాని ఫ్యూజు సిద్ధమై ఉంటుంది. దూరం నుంచే ఫోటో తీసుకుని, చోటు గుర్తుపెట్టుకుని, పేలుడు పదార్థాలు తీసేసే బృందానికి చెప్పు. ఇలాంటివి శుభ్రం చెయ్యాల్సిన బాధ్యత గురించి 2003లో ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది, 2006లో అమల్లోకి వచ్చింది. ఆ సంగతి కూడా వ్యాసంలో చేర్చు.

శిక్షణ మీద నాలుగు వాక్యాలు చాలు. అసలు గుండ్లు ఖరీదు కాబట్టి ఏటీ-4 గొట్టంలోనే 9 మిల్లీమీటర్ల వెలుగుతూటా పెట్టి గురి నేర్పుతారు. పేలుడు ఒత్తిడి తలకు పదేపదే తగిలితే మెదడుకు హాని అని ఈ మధ్య గట్టిగా పట్టించుకుంటున్నారు. అందుకే భుజాన పెట్టి పేల్చే పెద్ద ఆయుధాలకు కొన్ని సైన్యాలు రోజుకిన్నే అని లెక్క పెట్టాయి. చూశావా, ఇక్కడా దెబ్బ పేల్చేవాడికే.

బొమ్మ ఒకటి మార్చు. నువ్వు పెట్టినదాంట్లో సైనికుడి ముఖమూ గొట్టం ముందు కొసా ఉన్నాయి, వెనక భాగం కత్తిరించేశావు. గొట్టం రెండు కొసలూ, అతని వెనక ఖాళీ నేలా కనిపించే బొమ్మ వెతుకు. దిద్దిన ప్రతి దీంతోపాటే పంపుతున్నాను. ఏడో పేజీలో నా రాత అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మామయ్య