వంటింటి సందేహాలు: గ్రేచ్కా, డబ్బా మాంసం

ప్రశ్న: మా అబ్బాయి రష్యాలో వైద్యవిద్య చదువుతున్నాడు. అక్కడి తోటి విద్యార్థులు గ్రేచ్కా అనే గింజలను తుషోన్కా అనే డబ్బా మాంసంతో కలిపి వండుకుంటారట. తక్కువ ఖర్చుతో కడుపు నిండుతుందని వాడూ మొదలుపెట్టాడు గానీ, వండిన ప్రతిసారీ ముద్దయిపోయి ఉప్పు కషాయంలా ఉంటోందని ఫోనులో వాపోతున్నాడు. మా ఇంట్లో గొడ్డు మాంసం, పంది మాంసం తినము. వాడికి ఏం చెప్పమంటారు? అలాంటిది నేను ఇక్కడ చేసి చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి డబ్బాలోని మాంసాన్ని పచ్చి మాంసంలాగే భావించి, ఉప్పూ నూనే నీళ్లూ మళ్లీ పోసి వండుతున్నట్టు తోస్తోంది. తుషోన్కా తయారీలో పచ్చి మాంసం ముక్కలను కొవ్వు, ఉల్లిపాయ, ఉప్పు, మిరియాలు, లారెల్ ఆకుతో సహా డబ్బాలో పెట్టి, మూత బిగించిన తరువాతే అధిక పీడనంలో, నీరు మరిగే వేడిని మించిన వేడిలో ఉడికిస్తారు. అందుచేత డబ్బా తెరిచే సరికే మాంసం మెత్తగా ఉడికి, ఉప్పు పట్టి ఉంటుంది. ఈ వంటలో శ్రద్ధ పెట్టవలసింది గింజల మీదనే.

ముందు మాంసం సంగతి. డబ్బా మీద ‘గవ్యాదినా’ అని ఉంటే గొడ్డు మాంసం, ‘స్వినీనా’ అంటే పంది, ‘కోనినా’ అంటే గుర్రం, ‘బరానినా’ అంటే గొర్రె, ‘కూరిత్సా’ అంటే కోడి. బొమ్మ చూసి కొనకుండా, వెనుక చిన్న అక్షరాలలో రాసిన పదార్థాల వరుసను చదవమనండి. మాంసం, కొవ్వు, ఉల్లి, ఉప్పు, మసాలా దినుసులు కాక సోయా, పిండి పదార్థాలు కూడా కనిపిస్తే ఆ డబ్బాను పక్కన పెట్టడమే నయం. కోడి తుషోన్కాలో తరచుగా ద్రవం ఎక్కువగా ఉంటుంది. వంట ముద్దయిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇక గ్రేచ్కా. ఇది గోధుమ, వరి వంటి గడ్డిజాతి ధాన్యం కాదు. వృక్షశాస్త్రం ప్రకారం మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క గింజ. ఉత్తర భారతంలో ఉపవాసాలకు వాడే కుట్టు పిండి దీనిదే. రష్యా దుకాణాలలో ఇది ఎక్కువగా ముందే వేడిలో మగ్గించి గోధుమ రంగుకు తెచ్చిన రూపంలో దొరుకుతుంది. ‘యద్రీత్సా’ అన్నది పూర్తి గింజ, ‘ప్రోదెల్’ అన్నది నూక. పొడిపొడిగా రావాలంటే యద్రీత్సాయే కొనాలి. నూకతో ఎంత జాగ్రత్తగా వండినా జావ వాలకం పోదు.

ఒక గ్లాసు గింజలకు రెండు గ్లాసుల నీరు కొలత. డబ్బాలోని ద్రవాన్నీ ఈ రెండు గ్లాసుల లెక్కలోనే కలుపుకోవాలి. చల్లగా ఉన్న డబ్బా తెరిస్తే పైన మీగడలా తెల్లటి కొవ్వు పేరుకుని, దాని కింద వణికే జెల్లీలో ముక్కలు మునిగి కనిపిస్తాయి. ఆ కొవ్వును చెంచాతో గీకి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో కరిగించి, సన్నగా తరిగిన ఉల్లిపాయనూ తురిమిన క్యారెట్టునూ అందులోనే వేయించాలి. కోడి డబ్బాలో కొవ్వు చాలకపోతే తప్ప వేరే నూనె అక్కరలేదు. కడిగి వడకట్టిన గింజలను అందులో వేసి, కమ్మని వాసన వచ్చేదాకా రెండు మూడు నిమిషాలు తిప్పి, జెల్లీనీ మరిగిన నీటినీ పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద పదిహేను నిమిషాలు వదిలేయాలి. ఆ లోపల మూత తీయకూడదు, గరిటె పెట్టకూడదు. మన వాళ్లకు ఇదే కష్టం. నీరు ఇంకిన తరువాత మాంసం ముక్కలను పైన పరిచి, పొయ్యి ఆపి, గిన్నెకు తువ్వాలు చుట్టి పది నిమిషాలు ఉంచితే, ముక్కలు పీచుపీచుగా విడిపోకుండా ఆ ఆవిరికే వేడెక్కుతాయి. ఉప్పు రుచి చూడవలసింది అప్పుడే. చాలాసార్లు చిటికెడు కూడా పట్టదు. అక్కడి వారు దీనితో ఉప్పునీటిలో ఊరిన దోసకాయ తింటారు. మీరు పంపిన ఆవకాయ నంజుకుంటానంటే కాదనలేము గానీ, ఆ పూట వంటలో ఉప్పు పూర్తిగా మానేయమనండి.

డబ్బా ఉబ్బి ఉన్నా, తెరవగానే ద్రవం చిమ్మినా రుచి చూడకుండా పారేయాలి. బోటులిజం అనే ప్రాణాంతకమైన విషప్రభావానికి అది సూచన కావచ్చు, వాసనలో తేడా తెలియకపోవచ్చు. మూత తీయని డబ్బాను పొయ్యి మీద పెట్టకూడదు, పేలుతుంది. మిగిలిన మాంసాన్ని గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజులలో ముగించాలి. ఉప్పు, కొవ్వు బాగా ఉన్న ఆహారం కనుక రోజూ ఇదే తినమని మాత్రం మేము చెప్పము.

మీరు ఇక్కడ చేయదలచుకుంటే గ్రేచ్కా కోసం వెతకనవసరం లేదు. రష్యన్లు ఇదే పద్ధతిలో ‘ప్షెనో’తోనూ వండుకుంటారు, అది మన వరిగలే. అరకిలో కొవ్వున్న మేక మాంసాన్ని ఉల్లిపాయ, మిరియాలు, ఉప్పు మాత్రమే వేసి, కొద్ది నీటితో సన్నని సెగ మీద రెండు మూడు గంటలు మగ్గనిస్తే తుషోన్కాకు దగ్గరి రుచి వస్తుంది. వరిగలను చేదు పోయేలా వేడినీటితో రెండుసార్లు కడిగి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల లెక్కన, ఆ మాంసం రసాన్నీ కలుపుకొని నీరు పోయండి. అల్లంవెల్లుల్లి ముద్ద, గరం మసాలా వేయకుండా ఒకసారి వండి చూడండి.