నెలలో 12 నగరాలు వద్దు, ఆరు పెట్టుకోండి

నలుగురు ఫ్రెండ్స్ కలిసి హైదరాబాద్ నుంచి బయల్దేరి, నెల రోజుల్లో యూరప్‌లో 12 నగరాలు, హాస్టళ్లలో ఉంటూ రైళ్లలో తిరగడం కుదురుతుందా అని అడిగారు. తిరగడానికైతే కుదురుతుంది, చూడటానికి కుదరదు. కాలేజీ స్నేహితులం నలుగురం ఇలాగే వీపున బ్యాగులేసుకుని బెర్లిన్ నుంచి రోమ్ దాకా వెళ్లొచ్చాం కాబట్టి గట్టిగానే చెప్తున్నా: ఆరు నగరాలకు తగ్గించండి. కావాలంటే ఇంకో రెండు ఊళ్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేలా పెట్టుకోండి.

ప్లాన్ వేసేటప్పుడు అందరూ ఊళ్లు లెక్కేస్తారు. ఊరు మారే రోజులు లెక్కేసి చూడండి. ప్రాగ్ నుంచి వియన్నాకి రైలు నాలుగు గంటలే. కానీ ఆ పొద్దున నలుగురూ బాత్రూమ్ దగ్గర వంతులు కాయాలి, ఆరేసిన బట్టలు ఏరుకోవాలి, దుప్పట్లు, గలేబులు తీసి రిసెప్షన్‌లో అప్పజెప్పాలి, పది పదకొండుకల్లా గది ఖాళీ చేయాలి. తర్వాత స్టేషన్‌కి ట్రామ్. అక్కడ దిగాక మళ్లీ మెట్రో, కొత్త ఊళ్లో కొత్త టికెట్ మెషీన్. హాస్టల్‌కి చేరినా చాలాచోట్ల మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ బెడ్ ఇవ్వరు. స్నానం చేసి బయటపడేసరికి సాయంత్రమే. 12 నగరాలంటే ఇలాంటి రోజులు 11, అంటే నెలలో మూడో వంతు కంటే ఎక్కువ. పైగా నలుగురి ఓపికా ఒకేసారి అయిపోయేది ఆ రోజుల్లోనే. మా మధ్య మాటా మాటా పెరిగిందంటే ఏదో ఒక స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీదే పెరిగింది.

అదే ఒక ఊళ్లో నాలుగైదు రాత్రులుంటే పరిస్థితి వేరు. ప్రాగ్‌లో చార్లెస్ వంతెన మీద పగటిపూట భుజాలు రాసుకుంటూ నడవాలి. 1357లో పునాది వేసిన ఆ వంతెన అర కిలోమీటరు పొడవు, రెండు వైపులా 30 విగ్రహాలు. మొదటి రోజు జనంలో ఒక్క విగ్రహం దగ్గర కూడా నిలబడలేకపోయాం. మూడో రోజు తెల్లవారకముందే లేచి వెళ్తే, వంతెన మీద పరుగు తీసేవాళ్లు ఇద్దరు ముగ్గురు, ఫొటో స్టాండు పట్టుకుని ఒకాయన, మేము. విగ్రహాల కింద చెక్కిన అక్షరాల మీద చెయ్యి పెట్టి మరీ చూశాం. రెండు రాత్రుల ప్లాన్‌లో ఆ తెల్లవారుజాము దొరకదు. అప్పటికి సామాను సర్దుకుంటూ ఉంటారు.

మేం వెళ్లిన దారి ఇది: బెర్లిన్, ప్రాగ్, బుడాపెస్ట్, వియన్నా, వెనిస్, రోమ్. ఫ్లైట్ టికెట్ రానూపోనూ ఒకే ఊరికి తీసుకోకండి. ఒక చివర దిగి ఇంకో చివర ఎక్కేలా 'మల్టీ సిటీ' కింద వెతకండి, వెనక్కి రావాల్సిన పని తప్పుతుంది. బెర్లిన్ నుంచి ప్రాగ్ వెళ్లే రైల్లో ఎడమవైపు కిటికీలు పట్టుకోండి. డ్రెస్డెన్ దాటాక ఎల్బే నది పట్టాల పక్కనే వస్తుంది, అవతలి ఒడ్డున ఇసుకరాతి కొండలు. ప్రాగ్ నుంచి బుడాపెస్ట్ దాదాపు ఏడు గంటలు, అక్కడి నుంచి వియన్నా మూడు గంటల లోపే. మధ్యలో ఒక రోజు ప్రయాణాలకు వియన్నా నుంచి బ్రాటిస్లావా (గంట), రోమ్ నుంచి ఫ్లోరెన్స్ (హైస్పీడ్ రైల్లో గంటన్నర) బాగుంటాయి. పెద్ద బ్యాగు హాస్టల్లోనే ఉంటుంది కాబట్టి అలాంటి రోజులు ఊరు మారే రోజుల్లా అలసట అనిపించవు.

వియన్నా నుంచి వెనిస్‌కి మాత్రం రాత్రి రైలు తీసుకోండి. పగలు మిగులుతుంది, ఒక రాత్రి హాస్టల్ ఖర్చూ మిగులుతుంది. మేం ఎక్కిన పెట్టెలో ఒక్కో గదికి ఆరు బెర్తులు, ఇటు మూడు, అటు మూడు. దుప్పటి, దిండు వాళ్లే ఇచ్చారు. తలుపుకి లోపలి నుంచి గడియ ఉంది. పొద్దున అటెండెంట్ వచ్చి టీనో కాఫీనో, రెండు బన్నులు, వెన్న, జామ్ ఇచ్చాడు. శాంటా లూసియా స్టేషన్‌లో దిగి మెట్ల మీదికొస్తే ఎదురుగా గ్రాండ్ కెనాల్! ఇక వెనిస్‌లో దాదాపు ప్రతి వంతెనకూ మెట్లే కాబట్టి చక్రాల సూట్‌కేసు ఆలోచన మానుకోండి. మనిషికి 40 లీటర్ల బ్యాగు సరిపోతుంది, వారానికోసారి బట్టలు ఉతుక్కుంటే చాలు. ఊళ్లో గదుల ధరలు భరించలేకపోతే పక్కనున్న మెస్త్రేలో ఉండండి, రైల్లో పది పన్నెండు నిమిషాలే.

ఇప్పుడు అసలు విషయం, నలుగురూ నెల రోజులు కలిసి ఉండటం. ఎంత ప్రాణస్నేహితులైనా పొద్దున్నుంచి రాత్రి దాకా నలుగురూ ఒకే చోటికి పోవాలని పెట్టుకోకండి. మేం ప్రతి ఊళ్లో ఒక రోజు ఎవరి దారిన వాళ్లం అనుకున్నాం, రాత్రి భోజనానికి మాత్రం కలవాలి. వియన్నాలో మాలో ఒకడు ఆ రోజంతా కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలోనే, అందులోనూ ఎక్కువసేపు చిత్రకారుడు బ్రూగెల్ గీసిన బొమ్మలున్న గదిలోనే గడిపాడు. ఇద్దరు 38ఏ బస్సెక్కి కాలెన్‌బెర్గ్ కొండ మీదికెళ్లి ద్రాక్షతోటల మధ్య నుంచి నడిచి దిగారు. నేను స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్ కోసం లైనులో నిలబడ్డాను. లోపలికి వెళ్లగానే అందరూ మెడలోని స్కార్ఫ్ తీసి తమ ముందున్న కమ్మీకి కట్టేసి, నిశ్చింతగా బయటికెళ్లి నీళ్లు తాగొచ్చారు. మన ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టే, ఆ చోటు ఇక ఎవరూ ముట్టుకోరు. ఆ రాత్రి భోజనం దగ్గర నలుగురికీ చెప్పుకోవడానికి నాలుగు కథలున్నాయి. రోజంతా కలిసే తిరిగిన రాత్రులు ఫోన్లు చూసుకుంటూ తిన్నాం.

డబ్బు సంగతి బయల్దేరక ముందే తేల్చుకోండి. రాత్రికి బెడ్‌కి ఎంత దాకా పెట్టగలరు, బయట భోజనం రోజుకు ఎన్నిసార్లు అనేది, నలుగురిలో తక్కువ పెట్టగలిగేవాళ్లను ముందు అడిగి, వాళ్ల లెక్కకే అందరూ కట్టుబడండి. ఉమ్మడి ఖర్చులన్నీ అదే రాత్రి స్ప్లిట్‌వైజ్‌లో (ఖర్చులు పంచుకునే యాప్) ఎక్కించండి. హాస్టళ్లలో నాలుగు బెడ్ల గదులుంటాయి, మీరు నలుగురే కాబట్టి గది మీదే అవుతుంది. వేరేవాళ్లతో పంచుకునే గదైతే లాకర్‌కి మీ సొంత తాళం కప్ప తీసుకెళ్లండి. చెక్ రిపబ్లిక్‌లో కొరునా, హంగరీలో ఫోరింట్ నడుస్తాయి, మిగతా చోట్ల యూరో. ఏటీఎం గానీ కార్డు మెషీన్ గానీ రూపాయల్లో తీసుకోమంటారా అని అడిగితే ఒప్పుకోకండి, అక్కడి కరెన్సీనే నొక్కండి. ప్రాగ్‌లో పేపర్ టికెట్‌ని పసుపు పెట్టెలో ముద్ర వేయించాకే అది చెల్లుతుంది.

తిండికి ఇబ్బంది లేదు. చాలా హాస్టళ్లలో వంటగది ఉంటుంది, టర్కీ వాళ్ల కొట్లలో మసూర్ పప్పు, బియ్యం దొరుకుతాయి. ఇంటి నుంచి పొడులు, పచ్చళ్లు పెద్ద బ్యాగులో వేసి చెకిన్ చేయండి. నెయ్యి, పాలకోవా లాంటివి పెట్టకండి, పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తీసుకురావడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, శనివారమే కొనుక్కోండి. రోమ్‌లో నీళ్ల సీసా కొనక్కర్లేదు. వీధుల్లో ఇనుప కుళాయిలు ఇరవై నాలుగ్గంటలూ పారుతుంటాయి. కింద గొట్టాన్ని వేలితో మూస్తే పైన చిన్న చిల్లులోంచి నీళ్లు నోటికందేలా చిమ్ముతాయి.

యూరైల్ పాస్ (చాలా దేశాల రైళ్లకు కలిపి ఒకే పాస్) కొనే ముందు విడి టికెట్ల ధర కూడి చూడండి. ప్రయాణాలు ఐదే అయితే, ముందే కొన్న టికెట్లు చాలాసార్లు చవకగా తేలుతాయి. పాస్ ఉన్నా ఇటలీ హైస్పీడ్ రైళ్లకు, రాత్రి రైళ్లకు రిజర్వేషన్ డబ్బులు వేరే.

వీసాకు కూడా ముందు లిస్టు తేలాలి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటారో ఆ దేశానికే షెంగెన్ వీసా (ఈ దేశాలన్నిటికీ కలిపి ఒకే వీసా) అప్లై చేయాలి. పైన చెప్పిన దారిలో వెనిస్, రోమ్ కలిపితే ఇటలీయే అవుతుంది. ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా అప్లికేషన్లు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. ఎండలూ జనమూ తగ్గాక సెప్టెంబరులో వెళ్దామనుకుంటే మార్చిలోనే మొదలుపెట్టొచ్చు. వేసవి దగ్గరపడితే అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. కాబట్టి ఈ వారమే నలుగురూ కూర్చుని లిస్టులో ఆరు కొట్టేసి, ఏ దేశంలో ఎన్ని రాత్రులో రాసుకుని, స్లాట్ చూసుకోండి.