మార్కులు బాగున్నా మెడికల్ సీటు ఎందుకు రాలేదు: రెండు వైపులా కూర్చున్నవాడి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పరీక్షల్లో మీకు మంచి మార్కులు వచ్చాయి, ప్రవేశపరీక్ష స్కోరు కూడా బాగానే ఉంది, ఇంటర్వ్యూకు పిలిచారు, ఆ తరువాత సీటు లేదన్నారు, మీకన్నా తక్కువ మార్కులు వచ్చిన మిత్రుడికి మాత్రం అదే చోట సీటు వచ్చింది. విశ్వవిద్యాలయాలు అసలు ఏ లెక్కన ఎంపిక చేస్తాయి, మళ్ళీ ప్రయత్నిస్తే ఈ తిరస్కరణ అడ్డు వస్తుందా అని అడుగుతున్నారు. నేను మొదటిసారి దరఖాస్తు చేసినప్పుడు నన్ను కూడా ఇంటర్వ్యూ తరువాతే తిరస్కరించారు, మరుసటి సంవత్సరం తీసుకొన్నారు. వైద్యుడినైన తరువాత ఆరేళ్ళపాటు ఒక వైద్య కళాశాల ప్రవేశ ఇంటర్వ్యూలలో మార్కులు వేసే పని చేశాను. అందువల్ల కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఎంపిక అనగానే ఒక బల్ల చుట్టూ పెద్దలు కూర్చొని ప్రతి విద్యార్థి యోగ్యతనూ తూకం వేస్తున్న దృశ్యం మన కళ్ళ ముందు మెదులుతుంది. చాలామంది దరఖాస్తుదారుల విషయంలో అటువంటి తూకమేదీ జరగదు, జరిగేది వడపోత. ఉన్న సీట్లకు అనేక రెట్లు దరఖాస్తులు వస్తాయి, అందరినీ పిలిచి మాట్లాడడానికి అంతమంది పరీక్షకులూ ఉండరు, అన్ని రోజులూ ఉండవు, కనుక అంకెలతో తేలగలిగినదంతా ముందు అంకెలతోనే తేల్చేస్తారు. భారతదేశంలో ఎం.బి.బి.ఎస్. ప్రవేశం ఈ దశతోనే ముగిసిపోతుంది: నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, సరైన జవాబుకు నాలుగు, తప్పు జవాబుకు మైనస్ ఒకటి, ఆ ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత, అభ్యర్థి పెట్టుకొన్న ఆప్షన్లు కలిసి సీటును నిర్ణయిస్తాయి, ఇంటర్వ్యూ ఊసే ఉండదు. ఇంటర్వ్యూ కూడా చేసే బ్రిటన్‌లో ఈ దశలో పాఠశాల ఫలితాలతో పాటు యూక్యాట్ అనే ప్రవేశపరీక్ష స్కోరును చూస్తారు. అమెరికాలో ముందుగా ఒక డిగ్రీ పూర్తిచేసి రావడం పరిపాటి. అక్కడ ఆ డిగ్రీలోని సగటు గ్రేడును తెలిపే జి.పి.ఏ.నూ, 472 నుంచి 528 వరకు కొలిచే ఎంక్యాట్ అనే ప్రవేశపరీక్ష స్కోరునూ చూస్తారు.

ఈ పరీక్షలు దేనికోసం పుట్టాయో తెలిస్తే వాటి మీద మనకున్న భ్రమ కొంత తగ్గుతుంది. ఎంక్యాట్‌కు పూర్వరూపమైన పరీక్షను అమెరికాలో 1928లో మొదలుపెట్టారు. అప్పట్లో వైద్య కళాశాలల్లో చేరి మధ్యలో చదువు ఆగిపోయేవారు విపరీతంగా ఉండేవారు. ఆ నష్టాన్ని తగ్గించడమే దాని ఉద్దేశం. అంటే ఈ అభ్యర్థి కోర్సును తట్టుకోగలడా అన్నదే ఆ పరీక్ష అడిగే ప్రశ్న. దానికి అది బాగానే జవాబు చెబుతుంది, ముఖ్యంగా మొదటి సంవత్సరాల్లోని శాస్త్ర పాఠాల విషయంలో. ఈ మనిషి ముప్పై ఏళ్ళ తరువాత అర్ధరాత్రి రోగి మంచం పక్కన ఎలా ఉంటాడు అని దాన్ని ఎవరూ అడగలేదు, అది చెప్పనూ లేదు.

ఇక మీ మిత్రుడి విషయం. అంకెలను వాడడంలో రెండు పద్ధతులున్నాయి, అభ్యర్థులకు ఎక్కువ మనస్తాపం కలిగేది ఇక్కడే. మొదటి పద్ధతిలో మార్కులు గడప వంటివి. దాటారా లేదా అన్నదే చూస్తారు, దాటిన తరువాత అంచు మీద ఉన్నవాడూ, అందరికన్నా పైన ఉన్నవాడూ సమానమే, అక్కడి నుంచి ఇంటర్వ్యూ మార్కు ఒక్కటే లెక్క. రెండో పద్ధతిలో మార్కులకు ఇంత, ప్రవేశపరీక్షకు ఇంత, ఇంటర్వ్యూకు ఇంత అని వెయిటేజీ పెట్టి చివరివరకూ మోసుకుపోతారు. ఒకే దేశంలో, పక్కపక్కనే ఉన్న రెండు కళాశాలలు చెరొక పద్ధతినీ పాటించవచ్చు. మీ ఇద్దరి కథను బట్టి మీరు దరఖాస్తు చేసినది మొదటి రకం కళాశాల అయివుండాలి. మీ అదనపు మార్కులు వృథా కాలేదు, కానీ అవి మిమ్మల్ని ఇంటర్వ్యూ గది తలుపు దాకా తెచ్చి అక్కడే ఆగిపోయాయి. బ్రిటన్‌లో ఒక అభ్యర్థి ఒక సంవత్సరంలో వైద్య కోర్సులకు నాలుగు దరఖాస్తులే పెట్టుకోగలడు కనుక, తన బలానికి తగిన లెక్క పాటించే కళాశాలలను ఏరుకోవడం అక్కడ సగం పని. ఈ నిబంధనలను చాలా కళాశాలలు తమ వెబ్‌సైటులోనే ప్రకటిస్తాయి. వాటిని చదవకుండా పేరు ప్రతిష్ఠలను బట్టి దరఖాస్తు చేసేవారే ఎక్కువ. మొదటిసారి నేను చేసినదీ అదే.

దరఖాస్తుతో పాటు పంపే స్వీయ పరిచయ వ్యాసం గురించి మీరు చాలా రాశారు గాని, దాని మీద అంత బెంగ అక్కరలేదని నా అభిప్రాయం. ఒక ఏడాది నేను అవి చదివాను. చిన్నతనంలో ఒక వైద్యుణ్ణి చూసి ప్రేరణ పొందామన్న వాక్యంతో మొదలయ్యే వ్యాసాలు వరుసగా వస్తూ ఉంటే, పదో వ్యాసం దగ్గర కళ్ళు వాటంతట అవే కింది పేరాకు దిగిపోయేవి. ఏదైనా ఆసుపత్రిలోనో వృద్ధాశ్రమంలోనో పనిచేసినవారు తాము ఏం చేశారో చెప్పడం కన్నా, అక్కడ చూసినదాని వల్ల తమ ఆలోచన ఏ విధంగా మారిందో రెండు వాక్యాల్లో చెప్పినప్పుడు మాత్రం ఆగి చదివేవాణ్ణి.

కాగితాలు చూసి వడపోయడంలో ఎటువంటి ప్రమాదం ఉందో లండన్‌లోని సెయింట్ జార్జెస్ వైద్య కళాశాల అనుభవం చూపిస్తుంది. దరఖాస్తులను తొలి దశలో జల్లెడ పట్టడానికి అక్కడ ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాశారు. మనుషులు చేసే ఎంపికను అది చాలా దగ్గరగా అనుకరించేది, అదే దాని గొప్పతనంగా చెప్పుకొన్నారు. 1980ల చివర జాతి సమానత్వ కమిషన్ విచారించినప్పుడు, ఆ ప్రోగ్రాం స్త్రీలకూ, యూరోపియన్ కాని పేర్లున్నవారికీ మార్కులు తగ్గిస్తోందని తేలింది. యంత్రం కొత్తగా కనిపెట్టిన వివక్ష కాదది. అంతకు ముందు మనుషులు చేసినదాన్ని చూసి నేర్చుకొన్నదే. అభ్యర్థి పేరు, ఫోటో, పాఠశాల వంటి వివరాలను పరీక్షకులకు కనబడకుండా దాచాలని నేటికీ పట్టుబట్టేవారి భయం ఇటువంటిదే.

ఇంటర్వ్యూ సంగతికి వస్తాను. పాత పద్ధతిలో ఇద్దరో ముగ్గురో పెద్దలు అరగంటసేపు ఒక అభ్యర్థితో మాట్లాడి తమకు కలిగిన అభిప్రాయాన్ని అంకెగా మార్చేవారు. ఆ అంకె విలువ ఎంత అన్నది 1979లో టెక్సాస్‌లో అనుకోకుండా పరీక్షకు వచ్చింది. హ్యూస్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఇంటర్వ్యూలు పూర్తిచేసి 150 మందిని ఎంచుకొన్న తరువాత, మరో 50 మందిని చేర్చుకోవాలని రాష్ట్ర శాసనసభ ఆదేశించింది. అప్పటికి మిగిలినవారు జాబితాలో అట్టడుగున, 700కు దిగువ ర్యాంకుల్లో ఉన్నవారే. వారినే తీసుకొన్నారు. చదువు పూర్తయ్యేవరకు, ఆ తరువాతి శిక్షణ సంవత్సరంలో కూడా, మొదటి 150 మందికీ ఈ 50 మందికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదని 1987లో ప్రచురించారు. నన్ను తిరస్కరించిన ఏడాది ఈ సంగతి చదివి ఎంత ఊరట పొందానో చెప్పలేను. పరీక్షకుడినైన తరువాత అదే సంగతి అంత హాయిగా అనిపించలేదనుకోండి.

ఈ లోపానికి విరుగుడుగా కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు రూపొందించి 2004లో ప్రచురించిన పద్ధతే మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ. మీరు ఎదుర్కొన్నదీ అదేనని మీ వివరణను బట్టి తెలుస్తోంది. ఒక పెద్ద సంభాషణకు బదులు ఎనిమిదో పదో చిన్న గదులు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క పరీక్షకుడు, ఒక్కొక్క సమస్య, సుమారు ఎనిమిది నిమిషాలు. గంట మోగగానే తరువాతి గది. ఒకే గదిలో పరీక్షకుల సంఖ్య పెంచడం కన్నా గదుల సంఖ్య పెంచితేనే మార్కు నమ్మదగినదవుతుందన్నది దీని వెనుక ఉన్న సూత్రం, ఎందుకంటే ఒక సమస్య దగ్గర రాణించిన మనిషి మరొక సమస్య దగ్గర రాణిస్తాడన్న పూచీ లేదు. పైగా ఒక గదిలో తడబడినా తరువాతి గదిలోని పరీక్షకుడికి ఆ సంగతి తెలియదు. మాకు అభ్యర్థి మార్కులు కూడా చెప్పేవారు కాదు. ఎదుట ఉన్న కాగితం మీద ఉండేది ఒక నంబరు మాత్రమే.

ఒక రోజు నా గది తలుపు మీద ఉన్న సమస్య ఇది: మీరు, మీ సహవిద్యార్థి కలిసి ఒక ప్రయోగం చేస్తున్నారు, ఒక రోజు కొలతలు తీయడం మరచిపోయి అతడు ముందు రోజు అంకెలనే మళ్ళీ రాసేశాడు, రేపు నివేదిక ఇవ్వాలి, లోపల అతడు ఉన్నాడు, మాట్లాడండి. సహవిద్యార్థి వేషంలో ఒక నటుడు కూర్చున్నాడు. ఒక అబ్బాయి లోపలికి వచ్చి, చేతులు ముడుచుకొని, "ఈ సమస్యను స్వయంనిర్ణయాధికారం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అనే నాలుగు సూత్రాల దృష్ట్యా పరిశీలిద్దాం" అని మొదలుపెట్టాడు. వైద్యనీతి పాఠాల్లో రోగుల విషయంలో చెప్పే సూత్రాలవి, ఇదేమో రోగి ఎక్కడా లేని సమస్య. నటుడు పాపం ఏం జవాబివ్వాలో తోచక నా వైపు చూశాడు. ఆ నాలుగు మాటలు చెడ్డవి కావు, కానీ ఆ రోజు ఉదయం నుంచి అదే వరుసలో, అదే ఊపుతో వినడం నాకది ఐదోసారి.

ఆ వెంటనే వచ్చిన అమ్మాయి కూర్చుంటూనే, "నువ్వు చేసింది మోసం, నా పేరు కూడా పోతుంది" అంది. నటుడు తలదించుకొని, ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదని గొణిగాడు. ఆమె కొన్ని క్షణాలు మాట్లాడలేదు. తరువాత, "ఏం జరిగిందో అడగకుండానే తీర్పు చెప్పేశాను, చెప్పు" అని అంతా విన్నది. విన్న తరువాత మెత్తబడి ఊరుకోలేదు. ఆ రోజు గడిని ఖాళీగా వదిలి కొలత తీయలేదని రాద్దామనీ, ఇద్దరమూ కలిసి అధ్యాపకుడి దగ్గరకు వెళ్దామనీ చెప్పింది. నేను పదికి ఎనిమిది వేశాను. మొదటి వాక్యం చూస్తే ఆమెది చెడ్డ ఆరంభమే. కానీ మార్కుల కాగితంలో వినడం, తప్పును గుర్తించడం, దారి చూపడం అనే గడులున్నాయి గాని తప్పు లేకుండా మొదలుపెట్టడం అనే గడి లేదు. అంతకు ముందు అప్పజెప్పిన పాఠం విని ఉన్నందువల్ల ఆమె నాకు మరింత మెరుగ్గా కనిపించి ఉంటుందన్నది కూడా నిజమే.

ఈ రకమైన హెచ్చుతగ్గులను తగ్గించడానికి ఏటా ఇంటర్వ్యూలకు ముందు మా అందరికీ ఒకే వీడియో చూపించి ఎవరికి వారిని మార్కులు వేయమనేవారు. మొదటి సంవత్సరం అందరూ ఏడు వేసిన అభ్యర్థికి నేను నాలుగు వేశాను. చేయి బిగబట్టే పరీక్షకులను గద్దలనీ, ఉదారంగా వేసేవారిని పావురాలనీ అంటారు. నేను గద్దనని ఆ రోజే తెలిసింది. అన్ని గదులూ అందరూ తిరుగుతారు కనుక ఒక గద్ద అందరినీ సమానంగానే పొడుస్తుంది. అయితే అభ్యర్థులు ఎక్కువై ఒకే సమస్యకు రెండు మూడు వరుసల గదులు నడిపినప్పుడు, ఎవరికి ఏ పరీక్షకుడు దొరికాడన్న తేడా పూర్తిగా పోదు.

చివరికి అన్ని మార్కులూ కూడి పై నుంచి కిందికి పేర్చి ఒక గీత గీస్తారు. సీటు ఇస్తామన్నవారిలో కొందరు వేరే చోటికి వెళ్ళిపోతారు కనుక కొన్ని చోట్ల సీట్ల కన్నా ఎక్కువమందికి మాట ఇస్తారు, మరికొన్ని చోట్ల వెయిటింగ్ లిస్టు నడుపుతారు. ఆ గీతకు పైన ఉన్న చివరి మనిషికీ, కింద ఉన్న మొదటి మనిషికీ మధ్య తేడా దశాంశ బిందువు తరువాత ఉండేది. నెదర్లాండ్స్ వారు ఈ నిజాన్ని ఒప్పుకొని, 1970ల నుంచి దశాబ్దాలపాటు వైద్య సీట్లను లాటరీ ద్వారా ఇచ్చారు. మార్కులు ఎక్కువ ఉన్నవారికి చీటీ తగిలే అవకాశం ఎక్కువగా ఉండేది. 2017లో దాన్ని పూర్తిగా తీసివేశారు, 2023లో లాటరీ వాడుకోవడానికి విశ్వవిద్యాలయాలను మళ్ళీ అనుమతించారు. అది అన్యాయమని చాలామంది అంటారు. గీత దగ్గర మేము చేసినదాని కన్నా అందులో నిజాయితీ ఎక్కువని నాకనిపిస్తుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు: అనేక కళాశాలలు ప్రతి సంవత్సరం దరఖాస్తును కొత్తదానిగానే చూస్తాయి, కొన్ని మాత్రం కిందటిసారి తరువాత మీలో వచ్చిన మార్పేమిటని అడుగుతాయి, కొన్ని చోట్ల మళ్ళీ దరఖాస్తు చేయడానికి పరిమితులుంటాయి. ఏ రకమో నిబంధనల్లో చూసుకోండి. అంతకు ముందు, మీ ఇంటర్వ్యూ మార్కులను గదులవారీగా ఇవ్వమని ప్రవేశాల కార్యాలయానికి రాయండి. అందరూ ఇవ్వరు గాని, అడిగితే ఇచ్చేవారున్నారు. నేను అడిగినప్పుడు ఒక పేజీ కాగితం వచ్చింది. అన్ని గదుల్లోనూ సగటుకు పైనే ఉండి, ఒక్క గదిలో మాత్రం పదికి రెండు వచ్చాయి. దుర్వార్త చెప్పవలసిన గది అది. నటుడు ఏడుస్తుంటే నేను గడియారం వైపు చూస్తూ నేర్చుకొన్నదంతా పూర్తిచేశాను. ఆ కాగితం మీద పరీక్షకుడు రాసిన మాట ఒక్కటే: "ఆగలేదు."