అంబర్‌లో దొరికిన పెంకుపురుగులు ఇప్పటి పురుగులకు తాతముత్తాతలేనా?

చాలావరకు కాదు, అవి దాయాదులు మాత్రమే. ఒకే మూలం నుంచి ఎన్నో శాఖలు చీలాయి, వాటిలో చాలా మధ్యలోనే అంతరించాయి. గుగ్గిలంలాంటి చెట్టు జిగురులో (నీళ్లలో కరిగే తుమ్మబంక కాదు) చిక్కిన పురుగు ఏ శాఖదైనా కావచ్చు. ఆ జిగురే గట్టిపడి, భూమిలో కోట్ల ఏళ్లుండి అంబర్ అవుతుంది. రాతి అచ్చులో పురుగు అణిగిపోతుంది. అంబర్‌లో మాత్రం మీసాల కణుపులు, కాలి గోళ్లు, నోటి భాగాలు ఉన్నవి ఉన్నట్టే నిలుస్తాయి. అందుకే చుట్టరికం తేల్చడానికి ఇంతకంటే మంచి ఆధారం అరుదు.

వానాకాలం రాత్రుల్లో వరంగల్ పల్లెల్లో పొలం గట్ల మీద మెరిసే మిణుగురులు కూడా పెంకుపురుగులే. మయన్మార్ అంబర్‌లో దొరికిన, దాదాపు 9.9 కోట్ల ఏళ్ల నాటి క్రెటోఫెంగోడెస్ అనే పెంకుపురుగు గురించి 2021లో ప్రకటించారు. ఆ మగపురుగు పొట్ట చివర వెలుగునిచ్చే అవయవం స్పష్టంగా కనిపిస్తుంది. మిణుగురులకు అది చుట్టమే, కానీ దాని కుటుంబం మొత్తం అంతరించింది.

ఇంత చక్కగా నిలిచింది కదా, డీఎన్ఏ కూడా దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. దొరకదు. అన్ని కోట్ల ఏళ్లలో అది పూర్తిగా చెడిపోతుంది. శాస్త్రవేత్తలు పోల్చేది శరీర నిర్మాణాన్నే.