మొక్కు సరే, మాత్రలు?

ప్రశ్న: మా ఆయనకు 54 ఏళ్లు. రెండు నెలల కింద గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. రిపోర్టులు బాగున్నా అర్ధరాత్రి లేచి ఛాతీ మీద చెయ్యేసుకుని కూర్చుంటున్నారు. చెరువుగట్టు గుట్ట మీది శివాలయంలో మొక్కు తీరిస్తే ధైర్యం వస్తుందంటున్నారు, తీసుకెళ్లనా?
- ఒక సోదరి, నల్లగొండ

జవాబు: తీసుకెళ్లండమ్మా. కాకపోతే డాక్టర్‌ను ఒక మాట అడిగి, అమావాస్య జనంలో కాకుండా మామూలు రోజు పొద్దున్నే, మెట్లు ఎక్కించకుండా బండిలో పైకి వెళ్లండి. ఒక్కపొద్దుల పేరుతో మాత్రలు మాత్రం ఆపొద్దు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి మధ్యలో మానేస్తే స్టెంటే మూసుకుపోవచ్చు (దేవుడేం కోప్పడడు లెండి). ఈ భయం పిరికితనం కాదు, గుండెపోటు తర్వాత చాలామందికి ఉంటుంది, నిద్ర పట్టడం లేదని డాక్టర్‌కూ చెప్పండి. నిజంగానే నొప్పి, చెమటలు వస్తే 108కి ఫోన్ చేయండి. సాయంత్రం మీరూ పక్కనే నడవండి, ఇవాళ వేపచెట్టు దాకా, వచ్చే వారం కిరాణా కొట్టు దాకా.